రైలు వంతెన కింద నిలిచిన నీళ్లు ఎవరివి?

ప్రశ్న: 2025 డిసెంబరు ఎన్నికల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక చిన్న పంచాయతీకి సర్పంచిగా గెలిచాను. డిగ్రీ చదివాను కానీ పాలన నాకు కొత్త. తెల్లారితే ఇంటి ముందు జనం. ఊరికీ పొలాలకూ మధ్య రైలు వంతెన కింద దారి ఉంది. వానాకాలంలో అక్కడ నడుము లోతు నీళ్లు నిలుస్తాయి. మండల కేంద్రానికి వెళ్లే రోడ్డు నిండా గుంతలు. ఎస్సీ కాలనీకి నల్లా నీళ్లు సన్నగా వస్తున్నాయి. బడిలో 38 మంది పిల్లలకు ఒక్కరే టీచరు. ఫోను సిగ్నలు అందదు. రేషన్ కార్డు ఇప్పించమని అడిగేవాళ్లు సరేసరి. ఎమ్మెల్యే గారి దగ్గరికి వెళితే కేంద్రం పని అంటారు, ఎంపీ గారి కార్యాలయంలో రాష్ట్రం పని అంటారు, అధికారులేమో పంచాయతీయే చూసుకోవాలంటారు. అసలు ఎవరి చేతిలో ఏముంది? నా చేతిలో ఏమైనా ఉందా? సమావేశాలకు నా బదులు మా ఆయన వెళితే పనులు త్వరగా అవుతాయని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక సర్పంచి

జవాబు: సర్పంచి గారూ, ముప్ఫై ఏళ్లు పంచాయతీల మధ్యే ఉద్యోగం చేసి విరమించిన మనిషిని నేను. గెలిచిన కొత్తలో చాలామంది నన్ను అడిగింది బిల్లు ఎలా పెట్టాలి, చెక్కు ఎప్పుడు వస్తుంది అనే. ఎవరి చేతిలో ఏముందని అడిగినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందుకే మీ ఉత్తరం చూసి సంతోషపడ్డాను.

రైలు వంతెన కింది నీళ్లతో మొదలుపెడతాను. ఈ దేశంలోని మూడు ప్రభుత్వాలూ మీ ఊళ్లో ఒకచోట కలుసుకున్నది అక్కడే. పైన పట్టాలు, వంతెన గోడలు, రైల్వే హద్దురాళ్ల మధ్య నేల కేంద్రానివి. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితా 22వ అంశం రైల్వేలు. ఆ దారిలోకి దిగి, అవతల ఎక్కే రోడ్డు రాష్ట్రానిది. ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) వారిదా, పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగానిదా అన్నది రికార్డు చూసి తేల్చుకోవాలి. ఊరి వీధుల్లో కురిసిన వాన ఆ పల్లంలోకి పారుతుంటే, ఆ కాలువ మాత్రం మీదే. కాబట్టి ఎమ్మెల్యే గారు, ఎంపీ గారు, అధికారులు మీకు చెప్పిన మూడు మాటల్లోనూ కొంత నిజం ఉంది. ఆ మూడు ముక్కల్నీ కలిపి చెప్పినవారే లేరు.

ఉద్యోగంలో ఉండగా ఒక ఊరివాళ్లు ఇలాంటి దారి గురించే అర్జీ పట్టుకుని వచ్చారు. దాదాపు ఏడాది కిందట ఒక కార్యాలయానికి ఇచ్చిన అర్జీ అది. ‘ఇది మా పరిధిలోనిది కాదు’ అన్న ఒక్క వాక్యంతో తిరిగి వచ్చింది. ఎవరి పరిధో ఆ కాగితంలో లేదు. నాకు ఆ రోజు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. కానీ అర్జీ మళ్లీ చదివితే అందులో మూడు శాఖల పనులు ఒకే వాక్యంలో కలిసి ఉన్నాయి. ఏ శాఖకైనా ‘మాది కాదు’ అనడానికి అది చాలు.

మీరు అలా రాయకండి. మంచి వాన పడిన మర్నాడు పంచాయతీ కార్యదర్శిని, ఆ వార్డు సభ్యుణ్ణి, వీలైతే పంచాయతీరాజ్ ఏఈని (అసిస్టెంట్ ఇంజినీరును) వెంటబెట్టుకుని వంతెన దగ్గరికి వెళ్లండి. నీరు ఎటు నుంచి వస్తోందో నిలబడి చూడండి. గోడల్లోంచి ఊటగా వస్తోందా, రోడ్డు వాలు మీదుగా దిగుతోందా, ఊరి కాలువ తెగి వస్తోందా? ఫొటోలు తీయించండి. తర్వాత గ్రామసభలో తీర్మానం చేసి, ఒకే రోజు మూడు వేర్వేరు కాగితాలు పంపండి. డివిజనల్ రైల్వే మేనేజరును వంతెన కింద నీరు తోడే మోటారు, గోడల ఊటకు మరమ్మతు మాత్రమే అడగండి. రోడ్డు ఎవరిదో వాళ్లను పక్క కాలువ, పై నీరు లోపలికి దిగకుండా అడ్డుగట్టు అడగండి. మూడో కాగితం మీకు మీరే రాసుకోండి: ఊరి కాలువ పూడిక తీత, మళ్లింపు. ముందుగా చేయాల్సింది ఈ మూడోదే. మీ వంతు పూర్తిచేసి, ఆ ఫొటోలు మిగతా రెండు కాగితాలకు జతచేస్తే, ఎదుటివారికి తప్పించుకునే దారి సగం మూసుకుపోతుంది. ప్రతులు కలెక్టరు గారికి, ఎమ్మెల్యే గారికి, ఎంపీ గారికి పంపండి. ఎంపీ రైల్వేను పార్లమెంటులోనే ప్రశ్నించగలరు. నియోజకవర్గ పనుల కోసం ఏటా 5 కోట్ల రూపాయల వరకు సిఫారసు చేసే వీలు కూడా ఆయనకు ఉంది.

ఇక ఎవరి చేతిలో ఏముందన్న మీ అసలు ప్రశ్న. మన రాజ్యాంగాన్ని ఒక ఉమ్మడి కుటుంబం రాసుకున్న పంపకాల కాగితంలా ఊహించుకోండి. 1950లో ఆ కాగితం అమల్లోకి వచ్చినప్పుడు వాటాదారులు ఇద్దరే, కేంద్రం, రాష్ట్రాలు. కేంద్రానికి 97 అంశాలు, రాష్ట్రాలకు 66, ఇద్దరికీ ఉమ్మడిగా 47. రక్షణ, రైళ్లు, ఫోన్లు, జాతీయ రహదారులు అటు. పోలీసు, ఆసుపత్రులు, వ్యవసాయం, నీరు ఇటు. ఏ జాబితాలోనూ లేనిది మిగిలితే అదీ కేంద్రానికే. ఉమ్మడి అంశంలో ఇద్దరి చట్టాలూ ఢీకొంటే మామూలుగా నిలిచేది కేంద్ర చట్టం. తర్వాత 1976లో 42వ సవరణ విద్య, అడవులతో సహా ఐదు అంశాలను రాష్ట్రాల వాటాలోంచి తీసి ఉమ్మడిలో కలిపింది. ఆఖరికి రాష్ట్రం హద్దులు కూడా రాష్ట్రం చేతిలో లేవు. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించింది, అయినా పార్లమెంటు చట్టం చేసింది, జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. 3వ అధికరణం కింద శాసనసభ అభిప్రాయం అడగాలి, దానికి కట్టుబడాల్సిన అవసరం మాత్రం లేదు.

మరి పంచాయతీ ఆ కాగితంలో ఎక్కడుంది? రాష్ట్ర జాబితాలో 5వ అంశంగా ఉంది. అంటే వాటాదారుగా లేదు, రాష్ట్రం వాటాకు వచ్చిన ఆస్తుల్లో ఒకటిగా ఉంది. నా ఉద్యోగమంతా ఈ ఒక్క సంగతి చుట్టూ తిరిగిందనిపిస్తుంది.

దీని వెనుక ఒక పెద్ద వాదన జరిగింది. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గ్రామాన్ని ఆదర్శంగా చూపేవారిని తీవ్రంగా విమర్శించారు. ఊరు వర్గ విభేదాలకూ అజ్ఞానానికీ ఇరుకు మనసుకూ నెలవైన చోటని, అందుకే ముసాయిదా ఊరిని కాక మనిషిని ప్రమాణంగా తీసుకున్నదని ఆయన భావన. ఇది చాలామంది సభ్యులకు నచ్చలేదు. అదే నెలలో సభ్యుడు కె. సంతానం ప్రతిపాదనతో పంచాయతీలు ఆదేశిక సూత్రాల్లో చేరాయి. అదే నేటి 40వ అధికరణం. అది ప్రభుత్వాలకు చెప్పిన హితవే కానీ, పాటించలేదని కోర్టుకెక్కి సాధించుకోగల హక్కు కాదు.

నేను పంచాయతీల పక్షపాతిని. అయినా అంబేడ్కర్ మాటను పక్కన పెట్టలేను. మీ ఎస్సీ కాలనీ నల్లా చూడండి. పైపు చివర ఎవరి ఇళ్లు ఉన్నాయి? వాలు ఎవరికి అనుకూలంగా వేశారు? మధ్యలో ఎన్ని ఇళ్లకు మోటార్లు బిగించుకున్నారు? ఆయన భయపడింది సరిగ్గా దీని గురించే. పైగా ఇది మీరు ఢిల్లీ వెళ్లకుండా, హైదరాబాద్ వెళ్లకుండా సరిచేయగల పని. మిషన్ భగీరథ పథకం రాష్ట్రానిది, ఇంటింటి నల్లాకు సాయం చేసే జల జీవన్ మిషన్ కేంద్రానిది, కానీ ఊరి ట్యాంకు నుంచి ఏ వీధికి ఏ గంటలో వాల్వు తిప్పాలన్నది మీ పంచాయతీ నిర్ణయం. ఆ కాలనీకి వేరే సమయం కేటాయించండి. నల్లాకు బిగించిన మోటార్లు తీయించండి. కొందరికి కోపం వస్తుంది, వారిలో మీకు ఓటేసినవాళ్లూ ఉంటారు. అయినా చేయండి.

పంపకాల కాగితంలోకి మూడో వాటాదారు పేరు ఎక్కింది 73వ సవరణతో. 1993 ఏప్రిల్ 24 నుంచి అది అమల్లో ఉంది. పట్టణాలకు 74వ సవరణ ఆ జూన్ 1న వచ్చింది. అయిదేళ్లకోసారి ఎన్నికలు తప్పనిసరి, వాటిని జరిపేందుకు రాష్ట్ర ఎన్నికల సంఘం, మహిళలకు కనీసం మూడో వంతు స్థానాలు, అయిదేళ్లకోసారి రాష్ట్ర ఆర్థిక సంఘం. ఇవన్నీ ‘చేయాలి’ అన్న మాటతో ఉన్నాయి. పదకొండో షెడ్యూలులో 29 అంశాలు కూడా రాశారు. తాగునీరు, పారిశుద్ధ్యం, ఊరి రోడ్లు, ప్రాథమిక విద్య, ప్రజా పంపిణీ కూడా అందులో ఉన్నాయి. చదివితే ఊరంతా మీదే అనిపిస్తుంది. కానీ 243జి అధికరణం తెరిచి చూడండి. రాష్ట్ర శాసనసభ ఆ అధికారాలను పంచాయతీలకు ‘ఇవ్వవచ్చు’ అని ఉంది. ఎన్నిక ‘జరగాలి’, అధికారం ‘ఇవ్వవచ్చు’. మీరు రాజ్యాంగం ఇచ్చిన హక్కుతో గెలిచారు, రాష్ట్రం ఇచ్చిన అనుమతితో పనిచేస్తున్నారు. గెలిచిన మర్నాటి నుంచి మీకు కలిగిన అయోమయానికి కారణం ఈ తేడాయే.

‘వచ్చు’ అన్న మాటను ఒక్కో రాష్ట్రం ఒక్కోలా వాడుకుంది. కేరళ 1996లో ప్రజా ప్రణాళిక మొదలుపెట్టి రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు అప్పగించింది. మన దగ్గర, తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ, ఏ పార్టీ ప్రభుత్వమైనా చేయి అంత చాచలేదు. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం పచ్చదనం, పారిశుద్ధ్యం, రెండు నెలలకోసారి గ్రామసభ అంటూ మీ మీద బాధ్యతలు చాలానే పెట్టింది. విధుల్లో లోపం ఉంటే సర్పంచిని సస్పెండ్ చేసే, తొలగించే అధికారం కలెక్టరుకు ఇచ్చింది. జనం ఎన్నుకున్న మనిషిని ఒక అధికారి ఉత్తర్వు ఇంటికి పంపగలగడం నాకు ఎన్నడూ మింగుడుపడలేదు. ఢిల్లీ తమను చిన్నచూపు చూస్తోందని వాపోయే రాష్ట్రాలే ఊళ్ల దగ్గరికి వచ్చేసరికి అదే చూపు చూస్తాయి.

మీ ఎన్నిక సంగతే తీసుకోండి. పాత పాలకవర్గాల గడువు 2024 ఆరంభంలోనే ముగిసింది. దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారులే ఊళ్లను నడిపారు. బీసీలకు 42 శాతం రిజర్వేషన్ బిల్లులను శాసనసభ 2025 మార్చిలో ఆమోదించింది, అవి రాష్ట్రపతి ఆమోదం కోసం వెళ్లాయి, ఆ శాతంతో ఇచ్చిన ఉత్తర్వుపై అక్టోబరులో హైకోర్టు స్టే ఇచ్చింది, చివరికి మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటకుండా డిసెంబరులో ఎన్నికలు జరిగాయి. బీసీల వాటా న్యాయమైన డిమాండు, దాని మీద తేలాల్సింది ఇంకా ఉంది. కానీ ఎన్నికైన పాలకవర్గం లేని ఊళ్లకు కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు రాదు. ఆ రెండేళ్లూ ట్రాక్టరు డీజిలుకూ బ్లీచింగ్ పొడికీ కటకటలాడిన కార్యదర్శులు నాకు తెలుసు.

డబ్బు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అధికారం నిజంగా ఎక్కడుందో డబ్బే చూపిస్తుంది. ఆదాయపు పన్ను, జీఎస్టీ వంటి పెద్ద పన్నులన్నీ పై రెండు ప్రభుత్వాలవి. కేంద్రం వసూలు చేసే పంపిణీ పన్నుల్లో రాష్ట్రాలకు ఎంత ఇవ్వాలో అయిదేళ్లకోసారి కేంద్ర ఆర్థిక సంఘం చెబుతుంది. 2021–26 కాలానికి 15వ సంఘం 41 శాతం అన్నది. పన్నుల మీద అదనంగా వేసే సెస్సులు, సర్‌చార్జీలు ఈ లెక్కలోకి రావు, అవి కేంద్రం దగ్గరే ఉంటాయి. అదే సంఘం ఆ అయిదేళ్లకు దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలన్నిటికీ 2,36,805 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. అందులో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ కట్టివేసిన సొమ్ము, మిగతా 40 శాతం స్థానిక అవసరాలకు, అదీ జీతాలకు వాడకూడదు. ఆ గడువు 2026 మార్చి 31తో ముగిసింది. 16వ సంఘం సిఫారసులు 2026–31 కాలానికి. కొత్త షరతుల ప్రతిని మీ కార్యదర్శిని అడిగి తీసుకుని, మీరే చదవండి. అర్థంకాని వాక్యం కింద గీత గీసి ఎంపీడీవో (మండల పరిషత్ అభివృద్ధి అధికారి) గారిని అడగండి.

ఇవి కాక మీ సొంత ఆదాయం ఉంది: ఇంటి పన్ను, నల్లా రుసుము, లైసెన్సు ఫీజులు, భూముల రిజిస్ట్రేషన్ల మీద వచ్చే సుంకంలో వాటా. చిన్న ఊళ్లో ఇది పెద్ద మొత్తం కాదు. అయినా పూర్తి స్వేచ్ఛతో ఖర్చుపెట్టగలిగింది దాదాపు ఇదొక్కటే. ఇంటి పన్ను వసూలు చేస్తే ఓట్లు పోతాయని భయపడి వదిలేసిన సర్పంచులను చాలామందిని చూశాను. వాళ్ల పదవీకాలమంతా పై నుంచి వచ్చే చెక్కు కోసం ఎదురుచూస్తూ గడిచింది. మీరు వసూలు చేయించండి. వచ్చినదెంత, పోయినదెంత పంచాయతీ గోడ మీద రాయించండి. ఈ–గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో మీ ఊరి ఖర్చులు దేశంలో ఎవరైనా చూడవచ్చు, మీ ఊరివాళ్లకే తెలియకపోతే ఎలా?

మిగతావి వెంటవెంటనే చెబుతాను. రోడ్డు విషయంలో ముందు పక్కనున్న బోర్డు చదవండి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసినదైతే, వేసిన కాంట్రాక్టరే అయిదేళ్లపాటు మరమ్మతులు చేయాలి. గడువు బోర్డు మీదే ఉంటుంది. ఫోను టవరు కేంద్రం పరిధి. స్థలం చూపించడం వరకే మీ పాత్ర, కంపెనీకీ ఎంపీ గారికీ కాగితం పెట్టండి. రేషన్ కార్డుల్లో ఎంతమందికి రాయితీ బియ్యం అన్న పరిమితి 2013 నాటి ఆహార భద్రత చట్టం కింద కేంద్రానిది, ఆ మేరకు ఎవరికి అన్నది రాష్ట్రానిది. మీరు ఇప్పించలేరు, ఇప్పిస్తానని ఎవరికీ మాట ఇవ్వకండి. అర్హుల పేర్లు గ్రామసభలో చదివించి తహసీల్దారుకు పంపడం మీరు చేయగల మేలు.

బడి మాత్రం తేలిగ్గా వదలకూడదు. విద్య ఉమ్మడి జాబితాలోకి వెళ్లాక కేంద్రం 2009లో విద్యా హక్కు చట్టం చేసింది. ఆ చట్టం షెడ్యూలు ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది వరకు పిల్లలుంటే ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. మీ 38 మందికి రెండో టీచరు దయాధర్మం కాదు, చట్టం ఇచ్చిన హక్కు. పోస్టు నింపేది రాష్ట్రం. కొత్త నియామకం దాకా ఆగకుండా, పక్క బడి నుంచి పని సర్దుబాటు కింద ఒకరిని పంపమని ఎంఈవో (మండల విద్యాధికారి) గారికి రాసి, ఆ కాగితం నకలు డీఈవో (జిల్లా విద్యాధికారి) గారికి పంపండి. పిల్లల హాజరు పట్టిక జతచేయండి. కేంద్రం చట్టం, రాష్ట్రం ఉద్యోగి, మీ ఊరి పిల్లలు: ఈ మూడింటినీ ఒక కాగితం మీదికి తేగలిగింది మీరొక్కరే. అందుకే సర్పంచి పదవికి అధికారాలు తక్కువైనా విలువ తక్కువ కాదని నేను నమ్ముతాను.

చివరిగా, మీ ఆయన విషయం. ఆయన మీకు తోడుగా రావడం మంచిదే, మీ బదులు కూర్చోవడం కుదరదు. రాజ్యాంగం మహిళలకు మూడో వంతు అన్నది, తెలంగాణ చట్టం సగం చేసింది, అది మీ సంతకం కోసం కాదు, మీ మాట కోసం. 2018 చట్టం ప్రకారం చెక్కు మీద సర్పంచి, ఉప సర్పంచి ఇద్దరూ సంతకం చేయాలి. ఆర్థిక సంఘం నిధుల చెల్లింపులకు డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ సంతకపు కీ, దాని రహస్య సంఖ్య మీ దగ్గరే ఉంచుకోండి, ఇంట్లోవాళ్లకు కూడా ఇవ్వకండి. రేపు లెక్క తేడా వస్తే నోటీసు మీ పేరునే వస్తుంది. మండల సమావేశానికి మొదటిసారి ఒంటరిగా వెళ్లడం కష్టమనిపిస్తే పక్క ఊరి మహిళా సర్పంచిని కలుపుకుని వెళ్లండి, ముందు వరుసలో కూర్చోండి, చెప్పాల్సిన మూడు విషయాలు కాగితం మీద రాసుకుని లేచి చదవండి.

ముందు ఆ కాలువ పూడిక తీయించండి. మంచి వాన పడ్డాక వంతెన కింద నీరు ఎంత లోతు నిలిచిందో కొలిచి నాకు మళ్లీ రాయండి. రైల్వేకు పంపే కాగితం ఇద్దరం కలిసి రాద్దాం.